ముప్పై ఒకటీ, నూట ముప్పై ఒకటీ

మా కాలేజీలో ఆ కోర్సు నంబరు ముప్పై ఒకటి. కొండ మీది యూనివర్సిటీలో అదే కోర్సు నంబరు నూట ముప్పై ఒకటి. మధ్యలో ఉన్న ఆ వంద నా ప్రాణాలు తోడేసింది.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు ఇర్మా సమూదియో. ముప్పై ఆరేళ్ళు. పాల ఫ్యాక్టరీ ల్యాబులో పని. డెయిరీల నుంచి ట్యాంకర్లు వస్తాయి, ఒక్కోదాన్నుంచి కాసిని పాలు తీసి, ఆవుకేసిన మందులేమైనా అందులోకి దిగాయేమో చూసి, బాగుంటేనే లోపలికి వదలాలి. అప్పుడప్పుడూ పాలు విరిగిపోయేవి. ఏ పురుగు విరగ్గొట్టిందో తెలుసుకోడానికి బయటి ల్యాబుకి పంపితే, దాని జన్యువులు మొత్తం అక్షరాల్లో రాసి పంపేవాళ్ళు. నాలుగే అక్షరాలు, అవే అటూ ఇటూ, లక్షల కొద్దీ. మా సూపర్‌వైజరు చూసి, "దీన్నేం చేసుకోవాలి, గోడకి అంటించుకోవాలా?" అని ఫైల్లో పడేసేవాడు. నాకు మాత్రం అన్నం సయించేది కాదు. పాలు విరగ్గొట్టినవాడి జాతకం చేతిలో ఉంది, చదవడం రాదు! అలాంటివి కంప్యూటర్ చేత చదివించే విద్య ఒకటుందనీ, దాన్ని బయోఇన్ఫర్మాటిక్స్ అంటారనీ తెలిసిన వారంలోనే పోయి మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో చేరాను.

అది రెండేళ్ళ కాలేజీ. నాకు ఆరున్నరేళ్ళు పట్టింది. షిఫ్టులు చూసుకుంటూ టర్ముకో కోర్సు, ఓపికుంటే రెండు. అన్నాళ్ళు పట్టే చదువు మా అమ్మకి తెలిసింది ఒక్కటే కాబట్టి చర్చి దగ్గర అందరికీ నేను డాక్టరు చదువుతున్నానని చెప్పేసింది. ఇప్పటికీ అక్కడ డొన్యా చూయ్ అనే పెద్దావిడ నన్ను పట్టుకుని నడుంనొప్పికి మందడుగుతుంది.

సరే, చచ్చీ చెడీ అన్నీ పూర్తిచేశాను. ఏప్రిల్లో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. నేరుగా మూడో సంవత్సరంలోకి, బయట కాలేజీలవాళ్ళకిచ్చే పన్నెండు సీట్లలో ఒకటి నాకు. అమ్మ పెద్ద డేగిసాతో పొసోలె, అంటే మా మొక్కజొన్న మాంసం పులుసు, వండి వీధంతా పిలిచింది. ఉత్తరం కింద చిన్న అక్షరాల్లో "షరతులకు లోబడి" అని ఉంది. పొసోలె ఆవిరిలో ఎవరికి కనపడింది?

జూన్‌లో కనపడింది. యూనివర్సిటీ వెబ్‌సైట్లో నా పేరు కింద ఎర్రగా ఒక లైను. "కోర్సు 31: మా 131తో సమానం కాదు. జులై పదిహేను లోపు సరిచేసుకోని పక్షంలో ప్రవేశం రద్దు."

పోతే పోయింది, వచ్చే ఏడు వెళ్ళచ్చు కదా అనకండి. వాళ్ళ దగ్గర ఇంకో రూలుంది. సైన్సు కోర్సుకి ఏడేళ్ళే ఆయుష్షు. నా మొదటి కెమిస్ట్రీకి ఈ డిసెంబరుతో ఏడు నిండుతాయి. ఈ సెప్టెంబర్లో చేరితే పనికొస్తుంది, లేకపోతే మళ్ళీ చదవాలి. అది చదివేలోపు లెక్కల కోర్సు మురిగిపోతుంది, లెక్కలు చదివేలోపు ఫిజిక్సు. ఒకటి ఉతుకుతుంటే ఇంకోటి మాసిపోయే పసిపిల్లల గుడ్డల్లాగా జన్మంతా ఇదే పని. పాలకి డేటుంటుంది, ఒప్పుకుంటాను, నా బతుకే దాని మీద. హైడ్రోజన్‌కి డేటేంటండీ?

ఇంతకీ అసలు విడ్డూరం చెప్పలేదు. మా ముప్పై ఒకటి చెప్పేదీ, వాళ్ళ నూట ముప్పై ఒకటి చెప్పేదీ ఒకడే మనిషి! వర్తాన్ కెషిషియాన్. మేమందరం ప్రొఫె అంటాం. ఆయనకి ఎక్కడా పర్మనెంటు లేదు, టర్ము టర్ముకీ కాగితమిస్తేనే పాఠం. సోమ, బుధవారాలు మా కాలేజీ. మంగళ, గురువారాలు కొండ మీద. అదే పుస్తకం, అవే స్లయిడ్లు. కొన్నిసార్లు పైన యూనివర్సిటీ ముద్ర తీసెయ్యడం మర్చిపోయి మాకు చూపించేవాడు. అక్షరాల గుట్టలోంచి పనికొచ్చేవి ఏరడం ఎలాగో చెప్పడానికి వాళ్ళ నాయనమ్మ ఎండుద్రాక్ష పళ్ళేల ముందు కూర్చుని ఏరుతున్న ఫొటో ఒకటి పెట్టేవాడు. కొండ మీది పిల్లలకీ అదే ఫొటో. నూట ముప్పై ఒకటి అన్నంత మాత్రాన ఆ ముసలావిడ లేచి నిలబడి ఏరదు కదా?

పరిగెత్తుకుంటూ మా కాలేజీ కౌన్సిలర్ మిసెస్ బెట్టెన్‌కోర్ట్ దగ్గరికి వెళ్ళాను. ఇరవయ్యేళ్ళుగా మాలాంటివాళ్ళని కొండెక్కించడమే ఆవిడ ఉద్యోగం. మోకాలికి పట్టీ, చేతిలో కాఫీ.

"ఏడవకమ్మాయ్, కాఫీ తాగు. ప్రతి ఏడూ ఎవరో ఒకరికి ఈ రోగం వస్తుంది," అంటూ బీరువాలోంచి ఒక కాగితం తీసింది. "ఇది మన ముప్పై ఒకటి పుట్టినప్పటి కాగితం. చూడు, 'యూనివర్సిటీ వారి నూట ముప్పై ఒకటితో అన్ని విధాలా సమానం' అని ప్రొఫె సంతకం పెట్టాడు. నాలుగేళ్ళ కిందటిది, మార్చి అయిదు. దీన్ని పట్టుకెళ్ళి వాళ్ళ మొహాన కొట్టు."

ఒక్క కాగితంతో నేనెందుకు ఊరుకుంటాను? రెండు చోట్ల ప్రొఫె ఇచ్చే పాఠ్యప్రణాళికలూ సంపాదించాను. రెండు జీవుల జన్యువుల్ని ఒకదాని కింద ఒకటి పరిచి, అక్షరానికి అక్షరం సరిపోల్చి, నూటికి ఎంత కలిసిందో చెప్పే ప్రోగ్రాం ఒకటి ముప్పై ఒకటిలోనే రాశాను. జన్యువుల బదులు ఈ రెండు ప్రణాళికలూ అందులో వేశాను. తొంభై ఏడు! కలవని ఆ మూడూ ఏమిటయ్యా అంటే కాలేజీ పేరు, గది నంబరు, కారెక్కడ పెట్టుకోవాలి. నాకు ఎంత సంబరమేసిందంటే ఫలితం రంగుల్లో అచ్చేయించి ఫైలు కుట్టించాను.

కొండ మీద ఈ వ్యవహారాలు చూసేది లిండ్‌క్విస్ట్ అనే ఆయన. మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, చల్లటి మంచినీళ్ళు ఇచ్చాడు, ఆ తర్వాతే కాదన్నాడు.

"మీది కింది స్థాయి కోర్సు మిస్ సమూదియో. మాది పై స్థాయి."

"ఎలా తెలుసండీ?"

"నంబరు వంద దాటింది కదా."

"మా కాలేజీలో నంబర్లు వంద దాటవండీ. పెట్టుకోనివ్వరు."

"నేనూ అదే చెబుతున్నాను," అన్నాడు ప్రేమగా.

"చెప్పేది ఒకడే మనిషి కదండీ!"

"కావచ్చు. కానీ ఇక్కడ చెప్పేటప్పుడు ఆయన మా అధ్యాపకుడు."

నా ఫైలు తిరగేశాడు. రంగుల కాగితం దగ్గర ఆగి కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "ఇది మీరు రాసిన ప్రోగ్రామా? అద్భుతంగా ఉంది." నా గుండె ఎగిరింది. "కానీ అక్షరాలు కలిసినంత మాత్రాన సరిపోదు. మా నిపుణుల అభిప్రాయమే మాకు ప్రమాణం. ఆ అభిప్రాయం ఇదీ," అని ఒక కాగితం నా ముందుకి తోశాడు.

"నూట ముప్పై ఒకటిలో ఉన్న బోధనా గాంభీర్యం, లోతు కమ్యూనిటీ కాలేజీల స్థాయిలో సాధ్యం కావు." కింద నిపుణుడి సంతకం. పైకి లేచి మెలికతిరిగిన ఆ అక్షరాన్ని నా పరీక్ష పేపర్ల మీద ఎన్నిసార్లు చూశానో. వర్తాన్ కెషిషియాన్. నాలుగేళ్ళ కిందటిదే, మార్చి తొమ్మిది.

లిండ్‌క్విస్ట్ ఇంకో గ్లాసు నీళ్ళు పోశాడు. "ఆ కోర్సు చెబుతున్న అధ్యాపకుడు రాతపూర్వకంగా తన అభిప్రాయం మార్చుకుంటే తప్ప మేం చేయగలిగింది లేదండీ," అన్నాడు.

ప్రొఫెకి రెండు చోట్లా ఆఫీసు గది లేదు. కారు డిక్కీయే ఆఫీసు. మా పార్కింగులో ఉన్న ఒకే ఒక్క మల్బరీ చెట్టు నీడలో బండి పెట్టి, డిక్కీ తెరిచి, సోమవారం డబ్బా, మంగళవారం డబ్బా అని రాసి ఉన్న పేపర్ల పెట్టెల పక్కన కూర్చుని, లవాష్ రొట్టెలో చుట్టిన చీజు తింటున్నాడు. ఎండ మాడ్చేస్తోంది. నేను అంతకంటే మండిపోతున్నాను.

రెండు కాగితాలూ ఆయన ఒళ్ళో పడేశాను. "ఈ సంతకం ఎవరిది ప్రొఫె?"

చూశాడు. "నాదే."

"ఇదో?"

"అదీ నాదే."

"నాలుగు రోజుల తేడా! మార్చి అయిదున సమానం, తొమ్మిదిన కాదు. ఈ మధ్యలో ఏమైంది, నూట ముప్పై ఒకటికి కొమ్ములు మొలిచాయా?"

ఆయన రొట్టె పక్కన పెట్టాడు. "కూర్చో ఇర్మా. ఇక్కడ, పైదానితో సమానమని రాస్తేనే కోర్సు పెడతామన్నారు. అక్కడ, కిందిదానితో సమానం కాదని రాస్తేనే ఉంచుతామన్నారు. నాకు రెండూ కావాలి. ఒకదానితో ఇల్లు గడవదు."

"గడవదని అబద్ధం మీద సంతకం పెడతారా? మీరే కదా క్లాసులో, లెక్క ఏం చెబితే అదే రాయండి, మీకు నచ్చింది రాయద్దు అనేవారు! అసలు చెయ్యెలా వచ్చిందండీ మీకు?"

"రావడానికేముంది? కలమిచ్చారు, గీత చూపించారు. దానంతటదే వచ్చేసింది."

అంత నింపాదిగా చెప్పేసరికి నాకు ఇంకా ఒళ్ళు మండింది. "అయితే ఆ చేత్తోనే ఇప్పుడు నిజం రాయండి. ఒక్క లైను."

"రాస్తే ఆ కోర్సు ఎత్తేస్తారు. కింద అదే దొరుకుతుంటే పైన ఎందుకని అక్కడి డీన్ రెండేళ్ళుగా చూస్తున్నాడు. అది పోతే దాంతో వచ్చే ఆరోగ్య ఇన్సూరెన్సు పోతుంది. సిరాన్‌కి అక్టోబర్లో మోకాళ్ళ ఆపరేషన్." సిరాన్ ఆయన భార్య. "ఇప్పుడు మెట్లు వెనక్కి తిరిగి దిగుతోంది, తెలుసా? ముందుకి దిగితే నొప్పిట."

"అయితే మీ ఆవిడ మోకాళ్ళకీ నా సీటుకీ పోటీ పెట్టారన్నమాట!"

"నేను పెట్టలేదమ్మా," అన్నాడు. కాగితాలు మడిచి నా చేతికిచ్చాడు. "ఈ రెండూ కలిపి డీన్‌కి పంపు. నీ పని అయిపోతుంది. నేనేమీ అనుకోను."

పంపితే నిజంగానే అయిపోతుంది. నా పనీ అవుతుంది, ఆయన పనీ అవుతుంది. అబద్ధపు సంతకాలు పెట్టినవాణ్ణి పైనా ఉంచరు, కిందా ఉంచరు. నాకు ఆయన మీద జాలి లేదు ఆ పూట, ఉన్నదంతా కోపమే. ఇంటికెళ్ళి రెండు కాగితాలూ స్కాన్ చేశాను. డీన్ అడ్రసు టైపు చేశాను. అమ్మ వంటింట్లో మిరపకాయలు వేయిస్తోంది, ఆ ఘాటులో దగ్గుతూనే మొత్తం చెప్పాను.

"దొంగ సచ్చినోడు," అంది అమ్మ. తర్వాత గరిట ఆపింది. "వెనక్కి తిరిగి దిగుతోందా?"

"ఆఁ."

"ముప్పై ఏళ్ళు పీచ్ పళ్ళ షెడ్డులో నిలబడ్డాను, మోకాళ్ళంటే నాకు తెలీదా? ఆవిడ సంగతి నాకెందుకు చెప్పావు మిహా, నా తల్లీ? ఇప్పుడు వాణ్ణి తిట్టుకోడానికి కూడా నోరు రావట్లేదు."

నాకు మాత్రం వచ్చిందా? ఆ మెయిలు పంపలేదు, చెరపనూ లేదు. రోజూ తెరవడం, చూడడం, మూసెయ్యడం. ల్యాబులో ట్యాంకర్లు వచ్చేవి, పోయేవి. జులై పది, పదకొండు, పన్నెండు. సీటు పోతే పోయిందని గట్టిగా అనుకునేదాన్ని, మరుక్షణం బాత్రూంలోకెళ్ళి ఏడ్చేదాన్ని.

పధ్నాలుగున మధ్యాహ్నం, చేతికి గ్లవ్స్ ఉండగానే ఫోన్ తెరిచాను. ఎర్ర లైను లేదు. "కోర్సు 31: సమానం." పక్కనే అధ్యాపకుడి ఉత్తరం. మూడే వాక్యాలు. "ఈ రెండు కోర్సులూ నేనే చెబుతున్నాను. రెండూ ఒకటే. నాలుగేళ్ళ కిందట వేరని రాసింది నాకు ఉద్యోగం అవసరమై."

గ్లవ్స్‌తోనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ పూట ఒక ట్యాంకరుకి రెండుసార్లు పరీక్ష చెయ్యాల్సి వచ్చింది.

సాయంత్రం మల్బరీ చెట్టు కిందికి వెళ్తే ప్రొఫె మంగళవారం డబ్బా ఖాళీ చేస్తున్నాడు. ఆయనే అన్నాడు. "నువ్వు ఆ కాగితాలు పంపుతావని మూడు వారాలు చూశాను. పంపి ఉంటే నిన్ను తిట్టుకుంటూ హాయిగా ఉండేవాణ్ణి. పంపకుండా చంపావు కదే!"

సెప్టెంబర్లో కొండెక్కాను. మొదటి రోజు సభలో డీన్ మైకు ముందుకొచ్చి నూట ముప్పై ఒకటి ఇక ఉండదనీ, అవసరమైనవాళ్ళు కింది కాలేజీలో ముప్పై ఒకటి చదువుకోవచ్చనీ చెప్పాడు. "అక్కడి బోధనా గాంభీర్యం మీద మాకు మొదటినుంచీ అచంచలమైన విశ్వాసం," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొండ మీది పిల్లలు ఇప్పుడు కార్లేసుకుని మా కాలేజీకి దిగుతున్నారు. ముందు వరసలో నా కుర్చీలో ఎవరో కూర్చుంటున్నార్ట. ప్రొఫె మాత్రం శుక్ర, శనివారాలు గంటన్నర దూరంలో ఇంకో ఊరికి పోతున్నాడు. అక్కడ ఇన్సూరెన్సు ఇవ్వరు. సిరాన్ ఆపరేషన్ వచ్చే ఏటికి వాయిదా పడింది. ఈ సంగతి నాకు మిసెస్ బెట్టెన్‌కోర్ట్ చెప్పింది, ఆయన చెప్పలేదు. నాకు సీటు దక్కింది. దక్కినందుకు సిగ్గుగా కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉంటాయని అప్పటిదాకా తెలియదు.

అక్టోబర్లో లిండ్‌క్విస్ట్ కబురు పంపాడు. మళ్ళీ కుర్చీ, మళ్ళీ మంచినీళ్ళు.

"మీ ప్రోగ్రాం మా కమిటీకి చాలా నచ్చింది. ఇకనుంచి బయటి కోర్సులన్నీ దానితోనే సరిచూస్తాం. దాన్ని నడపడానికి విద్యార్థి ఉద్యోగం ఒకటి ఉంది. వారానికి పన్నెండు గంటలు. మీరైతే బాగుంటుందని."

ల్యాబులో షిఫ్టులు తగ్గించుకున్న నాకు నెత్తిన పాలు పోసినట్టయింది. వెంటనే ఒప్పుకున్నాను. "ఎంత కలిస్తే సమానమండీ?" అని అడిగాను.

"కమిటీ తొంభై ఎనిమిదని తీర్మానించింది."

"నాది తొంభై ఏడు కదండీ."

"మీది ప్రత్యేక సందర్భం," అన్నాడు లిండ్‌క్విస్ట్, అదే ప్రేమతో.

ఒక టేబులిచ్చారు, కిటికీ పక్కన. మొదటి ఫైలు వచ్చింది. చూయె వాంగ్, ఇరవై తొమ్మిదేళ్ళు, కోళ్ళ ఫారంలో పని, మా కాలేజీయే. స్టాటిస్టిక్స్ కోర్సు. అక్కడ ఇరవై రెండు, ఇక్కడ నూట ఇరవై రెండు. అతని మొదటి కెమిస్ట్రీ తేదీ చూశాను. ఆరేళ్ళ పది నెలలు. నా ప్రోగ్రాంలో వేశాను. తొంభై ఏడు.

"తిరస్కరణకి కారణం రెండు లైన్లు రాసి సంతకం పెట్టండి," అన్నాడు లిండ్‌క్విస్ట్. "రెండు చోట్లా చదివిన నిపుణురాలు మీరే కదా." కలమిచ్చాడు. ఎక్కడ పెట్టాలో గీత కూడా చూపించాడు.

నన్ను నమ్మండి, రాయకూడదనే కూర్చున్నాను. కానీ కిటికీ బాగుంది, ఉద్యోగం బాగుంది, ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు. కలం కాగితానికి తగిలింది. "బోధనా గాంభీర్యం" అని రాసేసి ఉంది. నేను రాసిందే. చెయ్యెలా వచ్చిందండీ అని మిట్టమధ్యాహ్నం పార్కింగులో అరిచిన ఇర్మా సమూదియో చెయ్యి అది.

ఆ కాగితం నాలుగు ముక్కలు చేశాను. ఇంకోటి తీసుకుని, "రెండు చోట్లా చదివాను. సమానం," అని రాసి, సంతకం పెట్టి ఆయన ట్రేలో వేశాను.

లిండ్‌క్విస్ట్ చదివాడు. మర్యాదస్తుడు కదా, కోప్పడలేదు. ఇంకో గ్లాసు నీళ్ళు పోశాడు. "మీ నియామకం డిసెంబరు దాకానే మిస్ సమూదియో. తర్వాత కమిటీ సమీక్షిస్తుంది."

"తెలుసండీ," అన్నాను. "రెండో ఫైలు ఇవ్వండి."

డిసెంబరు దాకా ఈ కిటికీ నాదే. ఆ తర్వాత ప్రొఫెని అడిగి డిక్కీలో కాస్త చోటు చూసుకోవాలి. మంగళవారం డబ్బా ఎలాగూ ఖాళీయే కదా, నా వల్ల.